నీతి అడగకండి, ఎద్దు తలూపేదాకా ఆగండి

ప్రశ్న: మా బాబుకి ఐదేళ్లు, పాపకి మూడు. ఏటా సంక్రాంతికి కోనసీమలో మా అత్తగారింటికి వెళ్తాం. మా ఆడపడుచు కొడుకుకి ఏడేళ్లు. ఆ పిల్లాడికి మాట్లాడేటప్పుడు నత్తి వస్తుంది. దసరా సెలవుల్లో మావాడు అందరి ముందూ వాళ్ల బావ మాట్లాడినట్టే మాట్లాడి చూపించాడు. పెద్దవాళ్లు కూడా నవ్వేశారు. నేను పక్కకి తీసుకెళ్లి ఒక్కటిచ్చాను. అప్పటి నుంచి రోజూ రాత్రి జంతువుల కథలు చెబుతున్నాను. కథ అయ్యాక నీతి ఏంటని అడిగితే 'ఎవరినీ వెక్కిరించకూడదు' అని గడగడా అప్పజెబుతాడు. స్కూల్లో క్రిస్మస్‌కి ఎర్ర ముక్కు రెయిన్‌డీర్ పాట నేర్పారు, దాని నీతి కూడా చెప్పేస్తాడు. అయినా మొన్న వీధిలో కుక్కపిల్ల మీద రాయి విసిరాడు. పండక్కి ఇంకా మూడు వారాలుంది. ఏ కథలు చెప్పాలి, ఎలా చెప్పాలి?
– ఒక తల్లి, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగాలి. 'గడగడా అప్పజెబుతాడు' అన్నారు. చిక్కంతా అక్కడే ఉంది. కథ చివర నీతి అడుగుతారని మీవాడికి తెలిసిపోయింది. ఎక్కం అడిగితే ఎక్కం, పద్యం అడిగితే పద్యం, నీతి అడిగితే నీతి. నక్కో సింహమో కథలో ఎవరున్నా చివర పలకాల్సిన వాక్యం ఒకటేనని వాడు పసిగట్టాడు. కాబట్టి కథ వింటున్నంతసేపూ వాడి బుర్ర ఆ జంతువు పక్కన ఉండడం లేదు, పరీక్షకి తయారవుతోంది. ఈ రాత్రి నుంచే ఆ ప్రశ్న మానేయండి. 'చూశావా, అందుకే...' అనే ముక్తాయింపు కూడా వద్దు.

ఇంకో మాట, ఇది కొంచెం కష్టంగానే ఉంటుంది. దసరాకి మీవాడు చేసినదానికి పెద్దవాళ్లు నవ్వారన్నారు. ఐదేళ్ల పిల్లాడికి నిండు సావిట్లో నవ్వులు దొరకడమంటే మామూలు బహుమతి కాదు. ఆ తర్వాత పక్కకి తీసుకెళ్లి మీరిచ్చిన దెబ్బ వాడికి ఎందుకో అర్థమయి ఉండదు. అందరూ నవ్విన పనికి అమ్మ ఎందుకు కొట్టిందన్నదే మిగిలి ఉంటుంది. పైగా మన ఇళ్లలో బావా బావమరుదుల వేళాకోళానికి అనుమతి ఉంది. పెద్దలు నవ్వింది బహుశా ఆ అలవాటులోనే. వేళాకోళం తప్పు కాదు, ఇద్దరూ నవ్వగలిగేది అయితే. మాట తడబడేవాడికి ఆ నవ్వులో వాటా లేదు. కాబట్టి పండక్కి వెళ్లే ముందు మీవాడికి చెప్పే కథ ఎంత ముఖ్యమో, మీ వారు వాళ్ల అమ్మానాన్నలకి, తమ్ముళ్లకి ఫోన్ చేసి 'ఈసారి వాడి మాట మీద ఎవరూ నవ్వొద్దు' అని చెప్పడం అంతకన్నా ముఖ్యం. ఆ ఫోన్ మీరు కాదు, ఆయన చేయాలి. కోడలు చెబితే ఫిర్యాదు అవుతుంది, కొడుకు చెబితే ఇంటి మాట అవుతుంది.

ఇక కథల సంగతి.

జంతువుల కథ పిల్లల్ని దయగా మారుస్తుందని అందరం నమ్ముతాం. టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని నిజంగా పరీక్షించి 2017లో ఫలితం ప్రకటించారు. 4 నుంచి 6 ఏళ్ల పిల్లలకి పంచుకోవడం గురించిన ఒకే కథని రెండు రకాలుగా చదివారు. ఒకదాంట్లో పాత్రలు మనుషులు, ఇంకోదాంట్లో బట్టలు తొడుక్కుని మనుషుల్లా మాట్లాడే జంతువులు. కథ అయ్యాక తమ దగ్గరున్న స్టిక్కర్లు వేరే పిల్లలకి ఇస్తారా అని చూశారు. మనుషుల కథ విన్నవాళ్లే ఎక్కువ ఇచ్చారు. జంతువుల కథ విన్నవాళ్లలో ఆ మార్పు రాలేదు. ఈ వయసు పిల్లల్లో చాలామందికి కథలోని జంతువు తమలాంటిదని అనిపించదు. నక్క సంగతి నక్కది, నా సంగతి నాది. అలాగని జంతువుల కథలు పారేయనక్కర్లేదు. జంతువు నుంచి మనిషి దాకా వంతెన మీరే వేయాలి, అంతే. అదెలాగో కింద చెబుతాను.

2014లో వచ్చిన ఇంకో అధ్యయనం కూడా మీకు పనికొస్తుంది. 3 నుంచి 7 ఏళ్ల పిల్లలకి అబద్ధాల గురించి వేర్వేరు కథలు చెప్పి, తర్వాత వాళ్లు నిజం ఒప్పుకుంటారా అని చూశారు. అందులో మన 'నాన్నా పులి' కథ లాంటిదే, 'తోడేలు వచ్చింది' అని అరిచే పిల్లాడి కథ ఒకటి. అబద్ధమాడినందుకు శిక్ష పడే ఆ కథ పిల్లల్ని కొంచెం కూడా మార్చలేదు. చెట్టు నరికానని ఒప్పుకుని తండ్రి మెప్పు పొందిన పిల్లాడి కథ మాత్రం మార్చింది. శిక్ష పడే కథ నుంచి పిల్లలు భయం నేర్చుకుంటారు, లేదంటే అసలేమీ నేర్చుకోరు.

ఈ లెక్కన మనింట్లో వాడుకలో ఉన్న పండగ కథల్లో కొన్నింటిని మీవాడి కోసం ఈ ఏడాదికి పక్కన పెట్టాలి. వినాయక చవితి కథలో చంద్రుడు వినాయకుడి పొట్ట చూసి నవ్వుతాడు, శాపం తగులుతుంది. ఒకరి ఒంటి తీరు చూసి నవ్వడం గురించి ఇంతకన్నా సూటి కథ మనకి లేదు. కానీ ఐదేళ్లవాడికి అందులో మిగిలేది 'నవ్వితే శాపం' అన్నదే. శాపం పడనంతకాలం నవ్వొచ్చని కూడా అర్థం చేసుకుంటాడు. ఏడెనిమిదేళ్లు వచ్చాక చెప్పండి. నత్తివాణ్ని వెక్కిరిస్తే నీకూ నత్తి వస్తుందనే బెదిరింపు కూడా ఇదే కోవలోది. అది అబద్ధం. నత్తి అంటుకోదు, వెక్కిరిస్తే రాదు. పైగా ఆ మాట వింటున్న మీ మేనల్లుడికి తనది ఎవరో పెట్టిన శాపమనీ, తానేదో తప్పు చేస్తే వచ్చిందనీ అర్థమవుతుంది.

రెయిన్‌డీర్ కథలో లోపం ఇంకోరకం. ఆ కథ 1939లో అమెరికాలో ఒక పెద్ద దుకాణం క్రిస్మస్‌కి పిల్లలకి ఉచితంగా పంచడానికి రాయించుకున్నది. ముక్కు ఎర్రగా మెరుస్తుందని తోటి జింకలు దాన్ని ఆటకి రానివ్వవు. ఒక మంచు రాత్రి ఆ మెరుపు దారి చూపించేసరికి అన్నీ చుట్టూ చేరతాయి. పిల్లలకి చాలా ఇష్టమైన కథ, పాడుకోనివ్వండి. అయితే అందులో జింకని కలుపుకున్నది దాని వల్ల పని జరిగాకే. మరి మంచు పడకపోతే? మీ మేనల్లుడి నత్తి ఎప్పటికీ ఎవరికీ దారి చూపించదు. వాడు ఏ వరమూ చూపించనక్కర్లేకుండా ఆటలోకి రావాలి. శ్రీరామనవమికి చెప్పుకునే ఉడుత కథలోనూ ఇదే జాగ్రత్త పడాలి. వాల్మీకంలో లేకపోయినా రంగనాథ రామాయణం ద్వారా మనకి సొంతమైన కథ అది. చాలా ఇళ్లలో వానరాలు ఉడుతని చూసి నవ్వడం, రాముడు వీపు నిమరడం చెబుతాం. చెప్పేటప్పుడు 'ఎంత చిన్నదైనా పనికొచ్చింది' అని ముగించకండి. ఉడుత ఇసుకలో పొర్లడం, ఒళ్లు దులుపుకోవడం, మళ్లీ పరుగెత్తడం, వానరాలు కాలు పక్కకి జరిపి దానికి దారి ఇవ్వడం, ఇవి చేసి చూపించండి. దారి ఇవ్వడం దగ్గర కథ ఆపేయండి.

సంక్రాంతికి మన ఇళ్లలో తప్పకుండా వినిపించేది బసవన్న కథ. రోజూ నూనె రాసుకుని స్నానం చేయండి, నెలకోసారి తినండి అని చెప్పి రమ్మని శివుడు పంపితే, బసవన్న తారుమారు చేసి రోజూ తినండి, నెలకోసారి తలంటుకోండి అని చెప్పాడట. అంత తిండి పండించడానికి నువ్వే వెళ్లి నాగలి లాగు అని శివుడు భూమి మీదికి పంపాడట. కనుమ నాడు పశువులకి ఎందుకు పూజ చేస్తారంటే పిల్లలకి చెప్పే కథ ఇదే. మీ ఇంట్లో ఈసారి ఇది వద్దు. మాట సరిగ్గా చెప్పలేకపోయినవాడికి శిక్ష పడిన కథ అది. నత్తి ఉన్న పిల్లాడు పక్కనే కూర్చుని వింటాడు. సాయంత్రానికి ఎవరో ఒకరు వాణ్ని 'బసవన్నా' అని పిలవడం ఖాయం. నానమ్మ చెబుతానంటే అడ్డుపడకుండా, ముందే 'అత్తయ్యా, ఈసారి పిల్లలకి గంగిరెద్దు కథ చెబుదాం' అని ఆమెకే అప్పజెప్పండి.

ఆ గంగిరెద్దు కథ ఇదిగో. ఏ పుస్తకంలోదీ కాదు, మీ అవసరానికి అల్లింది. చదవకండి, చెప్పండి.

'సోముడనే గంగిరెద్దు ఉండేది. కొమ్ములకి ఇత్తడి కుప్పెలు, వీపు మీద రంగురంగుల బొంత, మెడలో గంట. తాతతో కలిసి ఓ ఇంటి ముందుకొచ్చింది. సన్నాయి మోగింది. డోలు మోగింది. తాత అన్నాడు: అమ్మగారికి దణ్ణం పెట్టు సోముడూ! సోముడు తలూపలేదు.' ఇక్కడ మీరు మనసులో మూడు లెక్కపెట్టేదాకా మాట్లాడకూడదు. 'అరుగు మీద పిల్లలు కిసుక్కుమన్నారు. దీనికి రాదురా అన్నాడొకడు. సోముడి చెవులు వెనక్కి వాలాయి. తాత తాడు లాగలేదు. కర్ర ఎత్తలేదు. సన్నాయి కింద పెట్టి సోముడి గంగడోలు నిమిరాడు. ఆగాడు.' ఇక్కడ ఐదు లెక్కపెట్టండి. 'సోముడు ఓ చెవి కదిపాడు. తాత ఆగాడు. ఇంకో చెవి కదిపాడు. తాత ఆగాడు. మెడలో గంట టింగుమంది. సోముడు తల కిందికి వంచి, మెల్లగా పైకెత్తాడు. లోపల్నుంచి చిన్న పాప చేటలో బియ్యం తెచ్చింది. తాతా సోముడూ పక్కింటికి వెళ్లారు. పక్కింట్లో కూడా సోముడు వెంటనే తలూపలేదు. తాత సన్నాయి కింద పెట్టాడు.'

కథ అక్కడే అయిపోయింది. పిల్లాడు 'ఊ... తర్వాత?' అంటాడు. 'అంతే, మరుసటి ఇంటికి వెళ్లారు' అనండి. సోముడు ఊరిని కాపాడలేదు, పందెం గెలవలేదు, చివరికి చకచకా తలూపడం కూడా నేర్చుకోలేదు. పక్కింట్లోనూ ఆలస్యమే అవుతుందన్న చివరి వాక్యం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. లేకపోతే కాస్త ఓపిక పడితే బావ నత్తి పోతుందని మీవాడు ఎదురుచూస్తాడు. పోకపోతే విసుక్కుంటాడు.

మూడు వారాలూ ఇదే కథ. కొత్త కథలు వెతక్కండి, ఈ వయసు పిల్లలకి విన్నదే వినడం ఇష్టం. నిడివి 5 నిమిషాలు దాటనివ్వకండి. మొదటి మూడు రాత్రులు ఏ ప్రశ్నా వద్దు. నాలుగో రాత్రి నుంచి రోజుకి ఒకే ప్రశ్న, అదీ కథ మధ్యలో. 'పిల్లలు నవ్వినప్పుడు సోముడికి వినపడిందా?' 'చెవులు ఎందుకలా వాలాయి?' 'తాత అప్పుడు చేతులతో ఏం చేశాడు?' 'నువ్వు ఆ ఇంటి దగ్గరుంటే ఎక్కడ నిలబడేవాడివి?' జవాబు ఏది చెప్పినా సరిదిద్దకండి. 'నేనూ నవ్వేవాణ్ని' అంటాడేమో, అననివ్వండి. 'ఓహో, అప్పుడు సోముడు ఏం చేస్తాడు?' అని కథలోకి వెళ్లిపోండి. నిజం చెప్పినందుకు మీ ముఖం మాడితే రేపటి నుంచి మళ్లీ నీతి వాక్యమే వస్తుంది.

రెండో వారం ఆటగా ఆడండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పిల్లాడికి నవ్వే పాత్ర ఇచ్చి, అది తప్పని తర్వాత చెప్పడం. నవ్వే పాత్రలోనే అసలు సరదా ఉంది. ఇంట్లో రోజూ సాధన చేయించినట్టే అవుతుంది. ఆ పాత్ర మీరు తీసుకుని, చప్పగా ఒకే ఒక్క మాటతో దాటేయండి. మీవాడు మొదట తాత కావాలి. సన్నాయి కింద పెట్టడం, నిమరడం, ఆగడం వాడి చేత చేయించండి. పాప సోముడు. మూడేళ్ల పిల్ల కాబట్టి ఎంతకీ తలూపదు, ఇంకా మంచిది. మూడు నాలుగు రోజులయ్యాక మీవాణ్ని సోముణ్ని చేయండి. పాపకి కథ మొత్తం ఎక్కదు. దాని వయసుకి గంట శబ్దం, నిమరడం, 'ఆగు... ఆగు... ఊపాడు!' చాలు, రెండు నిమిషాల పని. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల్లో ఎద్దు ఉంటే వాడుకోండి గానీ, ఊడి వచ్చే చిన్న ముక్కలు, పూసలు, చింతపిక్కలు ఆటలోకి తేకండి. పాప నోట్లో పెట్టుకుంటుంది.

మూడో వారం వంతెన వేయాలి. కథ అదే, ఎద్దు స్థానంలో పిల్లాడు. ఒకబ్బాయి కొట్టుకి బెల్లం కొనడానికి వెళ్లాడు. కొట్టాయన 'ఏం కావాలి బాబూ' అన్నాడు. అబ్బాయి నోట్లోంచి మాట రాలేదు. వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. కొట్టాయన తక్కెడ కింద పెట్టి ఆ అబ్బాయి వంకే చూస్తూ ఆగాడు. 'బె... బె... బెల్లం.' 'ఎంత?' మళ్లీ ఆగాడు. పొట్లం కట్టి ఇచ్చాడు. మర్నాడు కూడా అంతే. ఈ అబ్బాయికి మీ మేనల్లుడి పేరు పెట్టకండి. 'బావలాగా!' అని మీవాడే అంటాడు, అన్న రోజు 'ఊ' అని ఊరుకోండి. ఆ 'ఊ' తర్వాత ఒక్క వాక్యం చేర్చినా వాడు కనిపెట్టిన విషయం మీ పాఠం అయిపోతుంది.

ఆగడమంటే ఏమిటో పెద్దలకీ తెలియాలి, ఎందుకంటే మంచి మనసుతోనే చాలామంది తప్పు చేస్తారు. నత్తి ఉన్న పిల్లాడి మాట మధ్యలో అందుకుని పూర్తిచేయకూడదు. 'నెమ్మదిగా చెప్పు', 'ఊపిరి పీల్చుకుని చెప్పు' అనకూడదు. వాడి నోటి వంక కాకుండా కళ్లలోకి చూస్తూ, చెబుతున్న విషయం వింటూ ఉండాలి. జవాబు ఇచ్చే ముందు మనం కూడా ఒక క్షణం ఆగి నిదానంగా మాట్లాడితే వాడి మీద ఒత్తిడి తగ్గుతుంది. ఇంకోటి, 'అయ్యో పాపం' అనకూడదు. మీవాడికి బావ మీద జాలి కలగాలని కోరుకోకండి. జాలిపడేవాడు ఆటలో భాగస్వామిని చేయడు, పక్కన కూర్చోబెట్టి లడ్డూ ఇస్తాడు. ఏడేళ్లకీ నత్తి తగ్గలేదంటే స్పీచ్ థెరపిస్టుకి చూపించడం మంచిది. చిన్నప్పుడు మొదలైన నత్తి చాలామంది పిల్లల్లో దానంతటదే పోతుంది, మిగిలినవాళ్లకి సాయం కావాలి. ఈ సంగతి మీ వదినకి తెలిసే ఉండొచ్చు, పదిమందిలో ఎత్తకండి. కానీ వెళ్లే ముందు ఫోన్ చేసి ఒకటి అడగండి: 'వదినా, వాడి మాట గురించి ఎవరైనా అడిగితే ఏం చెబితే వాడికి నచ్చుతుంది?' పిల్లాణ్నే అడిగి చెబుతుంది. ఆ జవాబే మీ ఇంట్లో అందరి జవాబు కావాలి.

కనుమ నాటికి ఇద్దరికీ కలిపి పని పెట్టండి. పక్కపక్కన కూర్చోబెట్టి 'స్నేహంగా ఉండండి' అంటే ఉండరు. ఒకడి చెయ్యి లేకుండా ఇంకొకడు చేయలేని పని కావాలి. పిచ్చుకలకి వరి కుచ్చు కట్టడం అలాంటిది. 40, 50 కంకుల్ని మెడ దగ్గర ఒకడు గట్టిగా పట్టుకుంటే, ఇంకొకడు తడిపిన గడ్డితోనో పురికొసతోనో చుట్టాలి. పట్టు వదిలితే జారిపోతుంది. చూరుకి వేలాడదీసేటప్పుడు పిల్లి ఎగిరినా అందని ఎత్తులో కట్టండి. పక్కనే మట్టి మూకుట్లో నీళ్లు. పిచ్చుక వాలేదాకా కదలకుండా కూర్చోవడం ఇద్దరి పని. చూడండి, ఇక్కడ కూడా ఆగడమే. ఆ పది నిమిషాల్లో ఎవరూ మాట్లాడనక్కర్లేదు. మీ మేనల్లుడికి పండగ మొత్తంలో అదే హాయిగా ఉండే సమయం కావచ్చు. పాపకి బియ్యప్పిండి ముగ్గు వేయించండి, వంకరటింకరగా ఉన్నా చీమలకి పేచీ లేదు.

పశువుల దగ్గరికి పంపేటప్పుడు పెద్దవాళ్లు ఒకరు పగ్గం పట్టుకుని ఉండాలి. పిల్లలు భుజం పక్కన, పశువుకి కనిపించేచోట నిలబడాలి, వెనక వైపు ఎప్పుడూ కాదు. అరచెయ్యి చాపి, వేళ్లు కలిపి ఉంచి గడ్డి పెట్టాలి. కొమ్ములకి రంగు పెద్దలే వేయాలి, కళ్లలో పడకుండా. పొంగలి, అన్నం పిల్లలు ప్రేమతో దోసిళ్లకొద్దీ పెడతారు. గుప్పెడు మించనివ్వకండి. ఒక్కసారిగా ఎక్కువ అన్నం తింటే పశువు పొట్టలో ఆమ్లం పెరిగి, మేత మానేసి, ప్రాణం మీదికి కూడా వస్తుంది. తనకి ఇష్టమైనది కాకుండా దానికి పడేది పెట్టాలన్న సంగతి ఇక్కడ మాటలు లేకుండానే తెలుస్తుంది. ఇదంతా పొద్దున్నే ముగించండి, మధ్యాహ్నానికి ఊరు ఊరంతా జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కదులుతుంది. ఆ జనంలో, ఆ మేళాల హోరులో పిల్లల మధ్య కొత్త మర్యాదలు నిలబడవు.

కోనసీమ అన్నారు కాబట్టి కోడిపందేల మాట దాటేయలేను. మూడు వారాలు సోముడి కథ చెప్పి, భోగి నాడు కోడి కాలికి కత్తి కట్టే బరి దగ్గరికి భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్తే, ఏది నిజమో వాడే తేల్చుకుంటాడు. జంతువుల్ని పోట్లాటకి ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి ఎలా ఉన్నా, పిల్లల్ని తీసుకెళ్లొద్దని మామగారికి మీ వారు గట్టిగా చెప్పాలి. కూరలో కోడి గురించి అడిగితే మాత్రం దాచకండి. 'అవును, అది కోడే. మనం తింటాం. కొందరు తినరు. బతికున్నంతకాలం దాన్ని బాధపెట్టకూడదు' అనండి. 'నేను తినను' అంటే ఆ పూటకి పప్పన్నం పెట్టండి, ఎవరూ నవ్వకుండా చూడండి. మినప గారెలు ఎలాగూ ఉంటాయి.

దయతో పాటు కలుపుకోవడం కూడా పిల్లలకి తెలియాలి. దానికి శివరాత్రికి శ్రీకాళహస్తి కథ దాచుకోండి. సాలెపురుగు లింగం మీద గూడు అల్లుతుంది. పాము మణులు తెచ్చి పెడుతుంది. ఏనుగు తొండంతో నీళ్లు పోసి, మణులు తోసేసి, మారేడు దళాలు పెడుతుంది. ధూర్జటి కావ్యం రాసిన ఈ కథలో పాము, ఏనుగు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఐదేళ్లవాడికి కథని మధ్యలోనే నిలపండి. పాము వచ్చి 'నా మణులేవి? ఈ ఆకులేంటి చెత్తలా?' అంటుంది. ఏనుగు వచ్చి 'ఈ రాళ్లెవరు పెట్టారు?' అంటుంది. అప్పుడు అడగండి: 'ఆకులు తెచ్చింది ఎవరో పాముకి తెలుసా?' నాలుగేళ్లు దాటిన పిల్లలకి ఇదో అద్భుతమైన చిక్కుముడి. మనకి తెలిసింది పాముకి తెలియదన్న విషయం అప్పుడే వాళ్ల బుర్రకి అందుతూ ఉంటుంది, పాపకి ఇంకా అందదు. రెండూ కౌగిలించుకున్నాయని ముగింపు మార్చకండి. రేపు గుడిలో ఎవరో అసలు కథ చెబితే మీ మాట పోతుంది. 'ఒకరినొకరు అడగలేదు, దెబ్బలాడుకున్నాయి' అనండి, అదీ నిజమే. మీ వీధిలో క్రిస్మస్‌కి పాక కట్టిన ఇల్లుంటే పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. ఊళ్లో ఎక్కడా చోటు దొరకనివాళ్లు పశువుల పాకలో తలదాచుకున్నారన్నది మూడేళ్ల పాపకి కూడా తెలుస్తుంది. ఇంటికొచ్చి దుప్పటి కింద బొమ్మలన్నిటికీ చోటిచ్చే ఆట ఆడుతుంది.

కుక్కపిల్ల మీద రాయి గురించి ఎక్కువ దిగులు పడకండి, కానీ వదిలేయకండి. ఈ వయసులో రాయి విసరడానికి చాలాసార్లు కారణం భయం, లేదంటే ఏమవుతుందో చూద్దామన్న ఆరాటం. రాయి చేతిలోంచి తీసేయండి, 'దెబ్బ తగులుతుంది' అన్న ఒక్క మాట చాలు. తర్వాత చెయ్యి పట్టుకుని పదడుగుల దూరంలో నిలబడి తోక ఎలా ఉంది, చెవులు ఎలా ఉన్నాయి అని చూపించండి. సోముడి చెవులు వాడికి గుర్తొస్తాయి. రోజూ ఒకే చోట ఒక గిన్నె నీళ్లు పెట్టే పని వాడికివ్వండి, ముట్టుకోనివ్వకండి. వద్దన్నా పదే పదే హింసిస్తూ, అది అరుస్తుంటే ఆనందిస్తుంటే మాత్రం పిల్లల మానసిక వైద్యుల్ని కలవాలి.

ఇంత చేసినా పండగలో ఒకసారి వెక్కిరించవచ్చు. ఆ క్షణం ఎవరూ నవ్వకూడదు, ఎవరూ అరవకూడదు కూడా. చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి తీసుకెళ్లి, వాడి ఎత్తుకి వంగి, 'బావ మాట మీద నవ్వడం మనింట్లో లేదు. బావ చెప్పేదాకా ఆగుతాం' అనండి. రెండు వాక్యాలే. అందరి ముందూ సారీ చెప్పించకండి. అది మీ మేనల్లుడిని మళ్లీ నడిబజారులో నిలబెట్టడమే. కాసేపయ్యాక ఇద్దరికీ ఒకే గాలిపటం ఇచ్చి డాబా మీదికి పంపండి, దారం ఒకడికి, ఎగరేయడం ఇంకొకడికి.

కనుమ రాత్రి పడుకునేటప్పుడు 'ఇవాళ ఏం నేర్చుకున్నావు' అని అడగాలనిపిస్తుంది. అడగకండి. పొద్దున వీధిలోకి వచ్చిన గంగిరెద్దు ఎంతసేపటికి తలూపిందో అడగండి. వాడు లెక్కపెట్టే ఉంటాడు.